అమ్మేవాడి కథ, ఫ్రేము చెప్పే చరిత్ర

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే సన్నీవేల్‌లో ఒకాయన గరాజ్ ముందు నిలబడి ఉన్నాను. నా ఎదురుగా గోడకి ఆనించి ఒక ఎర్ర రంగు మౌంటెన్ బైక్ ఫ్రేము. చక్రాల్లేవు, సీటు లేదు. ఫ్రేము, ఫోర్కు, వెనక వేలాడుతున్న ఒక డిరైలర్, అంతే.

"ఇది రిపాక్ రోజుల నాటిది. 1979. మా అన్నయ్య కొన్నాడు. ఒక్కసారి కూడా కింద పడలేదు" అన్నాడు పెద్దాయన. అరవై దాటినవాడు, నెమ్మదస్తుడు. అడుగుతున్నది 600 డాలర్లు.

ఇంట్లోంచి బయల్దేరుతుంటేనే మా ఆవిడ "ఇంకోటా? ఉన్న మూడూ చాలవా అండీ?" అంది. చూసి వచ్చేస్తానన్నాను. ఈ మాట నేను ఇదివరకు మూడుసార్లు అన్నాను లెండి.

కానీ ఈసారి నిజంగానే చూడ్డానికే వెళ్ళాను. దానికో కారణం ఉంది. ఆరేళ్ళ కిందట ఇలాగే ఒక పాత అల్యూమినియం ఫ్రేముని 80 డాలర్లకి చవగ్గా వచ్చిందని మురిసిపోయి కొన్నాను. రంగు బావుంది, స్టిక్కర్లు బావున్నాయి, అమ్మినవాడి మాటలు ఇంకా బావున్నాయి. మూడు నెలల తర్వాత ఒక మట్టి దారిలో దిగుతుంటే, ముందు గొట్టం అతుకు దగ్గర విరిగింది. కాలర్ బోన్ కూడా విరిగింది. ఆరు వారాలు కుడి చెయ్యి మెడకి వేలాడేసుకుని ఎడం చేత్తో కోడు కొట్టాను. ఇంటికొచ్చాక ఆ విరిగిన చోట చూస్తే, సగం మేర లోహం తళతళలాడుతోంది, మిగతా సగం నల్లగా మాసిపోయి ఉంది. నల్లగా ఉన్నదంతా పాత పగులు. అంటే నేను కొన్నరోజుకే అది ఉంది. చూసి ఉంటే కనపడేది. నేను చూడలేదు, విన్నాను. తేడా అదే.

మన వృత్తిలో ఒక మాట ఉంది కదా, కామెంట్లు అబద్ధం చెప్పొచ్చు గానీ కోడు చెప్పదని. పాత ఫ్రేము కూడా అంతే. అమ్మేవాడి మాట కామెంటు. లోహం కోడు. అయితే కోడు చదవాలంటే భాష రావాలి. ఇక్కడ ఆ భాష పేరు చరిత్ర. అందుకని ముందు ఆ చరిత్ర కాస్త చెప్పుకుందాం, తర్వాత ఆ ఎర్ర ఫ్రేము దగ్గరికి వద్దాం.

రిపాక్ అనేది శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, మెరిన్ కౌంటీలో ఫెయిర్‌ఫ్యాక్స్ అనే ఊరి పక్కన ఉన్న ఒక కొండ దారి. దాదాపు 3.4 కిలోమీటర్ల పొడవు, 400 మీటర్ల దిగుడు. 1976 అక్టోబర్ 21న అక్కడ మొదటి పందెం జరిగింది. వాళ్ళు తొక్కినవి 1930ల నాటి ష్విన్ కంపెనీ ఎక్సెల్సియర్ లాంటి పాత బండ సైకిళ్ళు. లావు టైర్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికి దిగేసరికి ఆ బ్రేకు వేడికి హబ్బులో గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరాలి, అంటే రీ-ప్యాక్ చెయ్యాలి. అదే ఆ కొండకి పేరైంది.

ఇక్కడ మనవాళ్ళకి నచ్చే సంగతొకటి. మెరిన్ వాళ్ళ కంటే ముందే ఆ పాత బండ సైకిళ్ళకి గేర్లు తగిలించినవాళ్ళు ఎక్కడివాళ్ళో తెలుసా? కూపర్టినో వాళ్ళు! అవును, మనం ఇల్లు కొనడానికి జీతాలు లెక్కపెట్టుకుంటూ, స్కూళ్ళ రేటింగులు చూసుకుంటూ తిరిగే కూపర్టినోనే. మారో డర్ట్ క్లబ్ అని అక్కడి కుర్రాళ్ళ బృందం ఒకటి ఉండేది. 1974 డిసెంబర్‌లో మెరిన్ వైపు మిల్ వ్యాలీలో జరిగిన ఒక సైక్లోక్రాస్ పందేనికి వాళ్ళు లావు టైర్ల సైకిళ్ళకి డిరైలర్లు, హ్యాండిల్ మీద గేరు మీటలు పెట్టుకుని వచ్చారు. మెరిన్ కుర్రాళ్ళు కళ్ళప్పగించి చూశారు. కూపర్టినో వాళ్ళు ఆ తర్వాత ఈ కథలోంచి దాదాపు మాయమైపోయారు. కానీ వాళ్ళు చూపించిన ఆలోచన అక్కడే ఉండిపోయింది.

1977లో జో బ్రీజ్ అనే అతను పాత ఎక్సెల్సియర్ ఫ్రేములు విరిగిపోవడం చూసీ చూసీ, కొండ దిగడానికే ప్రత్యేకంగా క్రోమోలీ ఉక్కు గొట్టాలతో కొత్త ఫ్రేము కట్టాడు. మొదటి విడతలో చేసినవి పదే. అందులో మొదటిది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో టామ్ రిచీ కూడా ఇలాంటి మౌంటెన్ బైక్ ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. గారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఇద్దరూ కలిసి వాటికి భాగాలు బిగించి, మౌంటెన్‌బైక్స్ అనే పేరు పెట్టి అమ్మారు. ఆ పేరు తమ సొంతం చేసుకోవాలని చూశారు గానీ కుదరలేదు. అది అప్పటికే అందరి మాట అయిపోతోంది.

మౌంటెన్ బైక్ ఎవరు కనిపెట్టారు అని అడిగితే ఇప్పటికీ ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. నా అభిప్రాయం అడిగితే, ఆ ప్రశ్నే తప్పు. టైరు 1930లది, గేర్ల ఆలోచన కూపర్టినోది, పరీక్ష రిపాక్‌ది, ఫ్రేము బ్రీజ్‌ది, అమ్మకం ఫిషర్-కెల్లీలది. ఓపెన్ సోర్సు ప్రాజెక్టుకి ఒక్కడే రచయిత ఎవరని అడిగినట్టుంటుంది. అయితే మనుషులకి ఒక్క హీరో ఉన్న కథ గుర్తున్నట్టు, పదిమంది ఉన్న కథ గుర్తుండదు. మన గరాజ్ పెద్దాయన మాటా అలాంటిదే. ఆయనకి ఆ రోజుల్లోంచి మిగిలిన ఒకే ఒక్క ముక్క 'రిపాక్, 1979'.

సరే, ఫ్రేము దగ్గరికి వద్దాం. నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను, వాటిని కలపను. ఒకటి, ఇది ఎప్పటిది? రెండు, ఇది ఎలా ఉంది? మొదటి దాని జవాబుతో ధర తేలుతుంది. రెండో దాని జవాబుతో నా ఎముకల సంగతి తేలుతుంది.

ముందు ఎప్పటిదో చూద్దాం. సీటు గొట్టం అడుగున, సగం చెరిగిపోయిన చిన్న స్టిక్కరు. మేడ్ ఇన్ తైవాన్. నాకు అక్కడే సగం కథ తెలిసిపోయింది. 1979లో మౌంటెన్ బైక్ ఫ్రేములు చేస్తున్నది కాలిఫోర్నియాలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది, అదీ తమ చేతుల్తో. ఆ పని సముద్రం దాటింది 1981లో. స్పెషలైజ్డ్ కంపెనీ పెట్టిన మైక్ సిన్యార్డ్, రిచీ బైకులు కొన్ని కొని, ఆ పద్ధతిలోనే స్టంప్‌జంపర్ అనే మోడల్ని జపాన్‌లో చేయించాడు. ధర 750 డాలర్లు. చేత్తో కట్టినవాటికి 1300 దాకా అయ్యేది. కాలిఫోర్నియాలో డిజైను, ఆసియాలో తయారీ. మనకి బాగా తెలిసిన వ్యాపారమే!

మరి జపాన్ నుంచి తైవాన్‌కి ఎందుకెళ్ళింది? 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ దించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి డాలరుకి దాదాపు 240 యెన్లు. రెండేళ్ళు తిరిగేసరికి 150 దగ్గరికి వచ్చింది. జపాన్‌లో చేసిన ఫ్రేము అమెరికా వాడికి ఒక్కసారిగా ఖరీదైపోయింది. ఆర్డర్లు తైవాన్‌కి మళ్ళాయి. డాలరు రేటు మారితే మన ప్రాజెక్టులు ఎక్కడికెళ్తాయో మనం చూస్తూనే ఉన్నాం కదా. సైకిళ్ళ ప్రపంచం ఆ పాఠం మనకంటే ముందే నేర్చుకుంది. అందుకే 80ల మొదటి సగంలో మంచి ఫ్యాక్టరీ ఫ్రేము మీద జపాన్ స్టిక్కరు ఎక్కువ, చివర్లో తైవాన్ స్టిక్కరు ఎక్కువ.

స్టిక్కరు ఒక్కటే సరిపోదు, ఎవరైనా అంటించొచ్చు. లోహానికి అతికించినవి చూడాలి. ఫ్రేముని తిరగేశాను. పెడల్స్ దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా పోయే రెండు గొట్టాలని చైన్ స్టేలంటారు. వాటి అడుగున రెండు లావు బొడిపెలున్నాయి. అవి యూ-బ్రేకు బిగించడానికి. బ్రేకుని అక్కడ, కింద పెట్టడం 1986 నుంచి 1989 దాకా నడిచిన ఫ్యాషను. బురదంతా అందులోనే ఇరుక్కుంటోందని జనం తిట్టుకుని వదిలేశారు. అంతకు ముందూ ఆ తర్వాతా వెనక బ్రేకు బొడిపెలు పైన, సీటు వైపు గొట్టాల మీదే. ఇలా కొద్దికాలం నడిచి పోయిన తప్పులే కాలం చెప్పడానికి అన్నిటికంటే మంచి సాక్ష్యాలు. మంచి ఆలోచన యాభై ఏళ్ళు ఉంటుంది, ఏ ఏడాదిదో చెప్పదు. చెడ్డ ఆలోచన తన పుట్టిన తేదీ తనే చెప్తుంది.

తర్వాత స్కేలు తీసి వెనక చక్రం కూర్చునే ఖాళీ కొలిచాను. 130 మిల్లీమీటర్లు. 90లు వచ్చేసరికి మౌంటెన్ బైకులన్నీ 135కి స్థిరపడ్డాయి. ఇక డిరైలర్ వెనక వైపు రెండక్షరాలు, ఎం ఈ. షిమానో వాళ్ళు అప్పట్లో తమ భాగాల మీద తేదీ ఇలా వేసేవాళ్ళు. మొదటి అక్షరం సంవత్సరం, ఏ అంటే 1976. రెండోది నెల. వేళ్ళ మీద లెక్కపెడితే ఎం అంటే 1988, ఈ అంటే మే. భాగాలు మార్చొచ్చు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. కానీ స్టిక్కరు, బొడిపెలు, కొలత, అక్షరాలు నాలుగూ ఒకే మాట చెప్తుంటే ఇక అప్పీలు లేదు. ఇది 1988కి అటూ ఇటూ.

ఇంకొన్ని గుర్తులు కూడా చెప్పేస్తాను, మీకు పనికొస్తాయి. హ్యాండిల్ దూరే పొట్టి గొట్టాన్ని హెడ్ ట్యూబు అంటారు. దాంట్లో దిగే ఫోర్కు కాడ అంగుళం మందం ఉంటే సాధారణంగా 80ల నాటిది. 1 1/8 అంగుళాల కాడ, మరలు లేని హెడ్‌సెట్ 90ల్లో మామూలయ్యాయి. డిస్కు బ్రేకు బిగించే చెవులుంటే 90ల చివర, లేదా ఆ తర్వాత. ముందు ఫోర్కుకి సస్పెన్షన్ ఉందని ఆనందపడకండి. అది విరివిగా వచ్చింది 1990 నుంచి, రాక్‌షాక్స్ తర్వాత. అంతకు ముందు ఫ్రేములు పొట్టి ఫోర్కు లెక్కతో కట్టినవి. వాటికి ఈకాలపు పొడుగు ఫోర్కు తగిలిస్తే ముందు భాగం పైకి లేస్తుంది, స్టీరింగు మందగిస్తుంది, హెడ్ ట్యూబు అతుకుల మీద గుంజుడు పెరుగుతుంది.

నేను చూసిందంతా పెద్దాయనకి చూపించాను. ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యపోయాడు. కాసేపు ఆలోచించి, "మేం ఈ ఇంట్లోకి వచ్చింది 87లో. నిజమే, పాత అపార్ట్‌మెంట్‌లో సైకిలు పెట్టుకునే చోటు లేదు" అన్నాడు. నలభై ఏళ్ళుగా మనసులో ఉన్న తేదీ రెండు నిమిషాల్లో పదేళ్ళు జరిగింది. "అయితే వంద డాలర్లిచ్చి తీసుకుపో" అన్నాడు.

ఒప్పుకుంటాను, నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. క్రోమోలీ ఉక్కు, మంచి గొట్టాలు, వంద డాలర్లు! కానీ రెండో ప్రశ్న ఇంకా అడగలేదు.

చిన్నప్పుడు మా తెనాలిలో సైకిల్ షాపు బాబాయి ఏ సైకిలొచ్చినా ముందు తిరగేసి, ఒక కన్ను మూసి, వెనక నుంచి ముందుకి ఒక చూపు చూసేవాడు. "అబ్బాయ్, ఎవర్ని గుద్దావ్?" అని అడిగేవాడు. నాకది మంత్రంలా ఉండేది. అదేం మంత్రం కాదు. ఫోర్కు, హెడ్ ట్యూబు ఒకే గీతలో ఉన్నాయా లేదా అని చూడ్డమే.

నేనూ ఒక కన్ను మూశాను. ఫోర్కు తిన్నగానే ఉంది. మరీ తిన్నగా, మరీ శుభ్రంగా ఉంది. గుమ్మంలోకి తెచ్చి ఎండలో పెట్టాను. ఫ్రేము ఎరుపు వేరు, ఫోర్కు ఎరుపు వేరు. ఫోర్కు కాస్త నారింజ వైపు. అంటే ఇది ఫ్రేముతో పుట్టిన ఫోర్కు కాదు. మరి పాతదేమైంది? ఎందుకు మార్చారు?

ఆ ప్రశ్న నా వేలిని తిన్నగా హెడ్ ట్యూబు వెనక్కి తీసుకెళ్ళింది. సైకిలు దేన్నైనా ఎదురుగా గుద్దితే, దెబ్బ ఫోర్కు మీంచి వెళ్ళి కింది గొట్టం అడుగున, హెడ్ ట్యూబుకి రెండు మూడు అంగుళాల వెనక చేరుతుంది. మంచి గొట్టాలు చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయి. ఆ మందం తగ్గే చోటే లోహం మడత పడుతుంది. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. కళ్ళు మూసుకుని వేలు జరిపాను. ఉంది. దోసె అట్ల మీద చిన్న మడతలా, అడ్డంగా ఒక అల. దాని మీద రంగు సన్నగా బీటలు వారి ఉంది. పాత బనీను గుడ్డ ముక్కతో ఆ చోట తుడిస్తే ఒక పోగు చిక్కుకుంది.

"మీ అన్నయ్య దేన్నైనా గుద్దాడా?" అన్నాను, మా బాబాయిలాగే.

"లేదే..." అని ఆగాడు. "ఆగి ఉన్న ఒక ట్రక్కుని ఒకసారి. కానీ వాడికేం కాలేదు, సైకిల్ రిపేర్ చేయించాడు కూడా."

చూశారా, ఆయన అబద్ధం చెప్పలేదు. అన్నయ్య కింద పడ్డం ఆయన జ్ఞాపకంలో లేదు, అన్నయ్య బాగానే ఉన్నాడు కాబట్టి. ఫ్రేముకి మాత్రం గుర్తుంది.

ఈ అల ఉన్న ఫ్రేము తొక్కితే ఏమవుతుంది? ఉక్కుకి ఒక మంచి గుణం ఉంది. ఒక హద్దులోపు ఎన్నిసార్లు ఒత్తిడి పడినా అలిసిపోదు. అల్యూమినియంకి ఆ హద్దు లేదు, ప్రతి కుదుపూ దాని ఆయుష్షులో కొంత తినేస్తూ ఉంటుంది. అందుకే పాతవాటిలో నేను ఉక్కునే ఎంచుకుంటాను. కానీ ఆ గుణం తిన్నగా ఉన్న ఉక్కుకే. మడత పడ్డచోట ఒత్తిడి పోగవుతుంది, అక్కడ బీట మొదలైతే ఉక్కైనా ఒకటే. పైగా అది విరిగే చోటు హ్యాండిల్ కింద. వెనక గొట్టం విరిగితే ఆగిపోతాం. ముందుది విరిగితే మొహం మీద పడతాం.

మీరు చూసే ఫ్రేములో ఇలాంటి అల లేకపోతే, తర్వాత చూడాల్సినవి ఇవి. సీటు కాడని పైకీ కిందికీ కదిపి చూపించమనండి. ఉక్కు గొట్టంలో అల్యూమినియం కాడ ఏళ్ళతరబడి కదలకుండా ఉంటే చెమటకీ వానకీ తుప్పు పట్టి ఒకటైపోతుంది, తీయడం నరకం. పెడల్స్ ఇరుసు తిరిగే గొట్టం లోపలికి టార్చి వేసి చూడండి, నీరంతా దిగి చేరేది అక్కడికే. ఎర్ర పొడి పర్లేదు, పొలుసులు రాలితే వద్దు. చైన్ స్టేల మీద చైను కొరికిన గాడి ఎంత లోతుందో చూడండి. ఒక దారం తీసుకుని వెనక ఇరుసు కూర్చునే చోట ఒకవైపు కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండోవైపుకి లాగండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దూరం సమానంగా ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అయితే ఉక్కు ఫ్రేముని సరిచేయించొచ్చు. అల్యూమినియాన్ని వంచే పని పెట్టుకోకండి. వీటన్నిటికీ కావలసినవి ఒక స్కేలు, ఒక దారం, ఒక గుడ్డ ముక్క, పావుగంట ఓపిక. నా కాలర్ బోన్ ఖరీదు ఆ పావుగంట.

పెద్దాయనకి వద్దని చెప్పాను. ఊరికే ఇస్తానన్నాడు. ఊరికే కూడా వద్దన్నాను. ఇంకెవరికీ తొక్కడానికి అమ్మొద్దని కూడా చెప్పి, ఆయన వేలు పట్టుకుని ఆ అల మీద పెట్టాను. ఆయన చాలాసేపు అక్కడే వేలు ఉంచాడు. అన్నయ్య ఉన్నాడా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పోయిన ఆదివారం అటువైపు వెళ్తుంటే గరాజ్ తలుపు తీసి ఉంది. ఎర్ర ఫ్రేము లోపలి గోడకి మేకు కొట్టి తగిలించి ఉంది. పక్కన చిన్న అట్ట ముక్క. మార్కరుతో 1979 అని రాసి, కొట్టేసి, కింద 1988 అని రాశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను, ఈసారి నిజంగానే చూసి వచ్చేశానని. నమ్మలేదు. గరాజ్‌లోకెళ్ళి లెక్కపెట్టుకుంది. అదీ సరైన పద్ధతే.